ఏ జీపు ఎంత తాగుతుంది?

బోధన్ చుట్టుపక్కల ఊళ్లకు జీపు పాత చుట్టం. వర్ని, కోటగిరి, రుద్రూరు దారుల్లో బస్సు రాని వేళ జనాన్ని చేరవేసింది జీపే. చెరుకు కోతకు కూలీలను తీసుకుపోయింది జీపే. రాత్రిపూట నొప్పులు మొదలైన ఆడమనిషిని నిజామాబాద్ పెద్దాసుపత్రికి చేర్చింది కూడా చాలాసార్లు జీపే. ఇప్పుడు ఆటోలు, చిన్న ట్రాలీ బండ్లు వచ్చాయి. అయినా పాత జీపులు అక్కడక్కడా నడుస్తూనే ఉన్నాయి, అమ్మకానికి వస్తూనే ఉన్నాయి.

ఒక మహిళా సంఘం పాత జీపు కొనాలనుకుంది అనుకుందాం. కూలీలను పొలానికి తీసుకుపోవడానికి, కూరగాయలు అంగడికి తేవడానికి బండి కావాలి. అమ్మే మనిషి రెండు జీపులు చూపించాడు. ఒకటి పెట్రోలుది, ఒకటి డీజిల్‌ది. పెట్రోలు జీపు ధర 40,000 రూపాయలు తక్కువ.

"అన్నా, ఇది లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తది?" అని ఒకామె అడిగింది.

"పన్నెండు పక్కా ఇస్తదక్కా. నా మాట నమ్మండి."

"ఏడ ఇస్తది? తారురోడ్డు మీదనా, రేగడి చేన్లనా? ఉత్తగ పోతె ఇస్తదా, మందిని ఎక్కించుకుంటె ఇస్తదా?"

అమ్మే మనిషి వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. ఆమె అడిగింది మంచి ప్రశ్న. జీపు కొన్న డబ్బు ఒక్కసారే పోతుంది. పెట్రోలుకు, డీజిల్‌కు పోయే డబ్బు రోజూ పోతుంది. అప్పు తెచ్చి బండి కొన్నవాళ్లు కిస్తీ కట్టలేక బండి వదులుకుంటే, చాలాసార్లు దాని వెనుక ఈ లెక్కే ఉంటుంది.

జీపు వచ్చిన దారి

జీపు పుట్టింది అమెరికాలో, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. బురదలో, ఇసుకలో, కొండల్లో సైనికులు తిరగడానికి చిన్న బండి కావలసి వచ్చింది. విల్లీస్, ఫోర్డ్ అనే రెండు కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. దాని గొప్పతనం నాలుగు చక్రాల్లో ఉంది. మామూలు బండిలో ఇంజన్ బలం రెండు చక్రాలకే పోతుంది. జీపులో కావలసినప్పుడు నాలుగు చక్రాలకూ పోతుంది. వెనుక చక్రం బురదలో దిగబడితే ముందు చక్రం లాగుతుంది.

మన దేశంలో 1945లో మొదలైన మహీంద్రా కంపెనీ 1947 నుండి బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. ఆ జీపుల్లో ఉన్నది పెట్రోలు ఇంజన్. నాలుగు సిలిండర్లు, సుమారు 2,200 సీసీ. సీసీ అంటే సిలిండర్లలో ముషలకాలు, అంటే పిస్టన్లు, కదిలే చోటు కొలత. 1,000 సీసీ అంటే ఒక లీటరు చోటు. కాబట్టి ఆ ఇంజన్ లోపలి చోటు రెండు లీటర్ల పైచిలుకు.

ఆ రోజుల్లో పెట్రోలు చవక. ఎంత తాగినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1973లో అరబ్బు దేశాలు చమురు ధరలు ఒక్కసారిగా పెంచాయి. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మన దేశంలో జీపు ఉన్నవాళ్లు డీజిల్ వైపు చూశారు. మహీంద్రావాళ్ల ట్రాక్టర్లలో అప్పటికే డీజిల్ ఇంజన్ ఉంది. ఆ రకం ఇంజన్‌నే, సుమారు 2,350 సీసీది, జీపులో పెట్టారు. 1979లో ఫ్రాన్స్ దేశపు పూజో కంపెనీ నుండి ఇంకొక డీజిల్ ఇంజన్ తయారీకి అనుమతి తీసుకున్నారు. దాని పేరు ఎక్స్‌డీపీ 4.90. పేరులోనే దాని కొలత ఉంది. 4 అంటే నాలుగు సిలిండర్లు. 90 అంటే ఒక్కో సిలిండరు వెడల్పు 90 మిల్లీమీటర్లు, అంటే 9 సెంటీమీటర్లు. మొత్తం 2,112 సీసీ.

ఇంకొక బండి ఉంది, జోంగా. చూడటానికి పెద్ద జీపులాగా ఉంటుంది. జపాన్ నిస్సాన్ కంపెనీ నమూనాతో జబల్‌పూర్‌లోని సర్కారు ఫ్యాక్టరీలో 1969 నుండి 1999 దాకా సైన్యం కోసం చేశారు. దీనిలో ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, 3,956 సీసీ. సైన్యం పాత బండ్లను వేలం వేసినప్పుడు జోంగాలు చవకగా దొరికేవి. కొన్నవాళ్లలో చాలామంది దాని పెట్రోలు ఖర్చు చూసి, ఆ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టించుకున్నారు.

పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగుతుంది?

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. డీజిల్ ఇంజన్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఇటువంటి ఇంజన్‌ను నడిపి చూపించాడు. ఆయన పేరే ఇంజన్‌కూ, దానిలో పోసే నూనెకూ వచ్చింది.

డీజిల్ ఇంజన్ గాలిని 16వ వంతుకు, కొన్నిటిలో 20వ వంతుకు మించి నొక్కుతుంది. అంటే 20 గ్లాసుల గాలిని ఒక్క గ్లాసులో కూరినట్టు. ఆ వేడికి డీజిల్ చుక్క తగలగానే దానంతట అదే అంటుకుంటుంది. నిప్పురవ్వ అక్కరలేదు. పాత జీపు పెట్రోలు ఇంజన్ గాలిని సుమారు 7వ వంతుకే నొక్కుతుంది. అక్కడ ప్లగ్గు నిప్పురవ్వ పుట్టించి మంట పెట్టాలి. ఎంత గట్టిగా నొక్కితే మంట నుండి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు.

ఇది పొయ్యి సంగతి లాంటిదే. మూడు రాళ్ల పొయ్యిలో కట్టెల వేడి సగానికి పైగా పక్కలకు పోతుంది. పొగలేని పొయ్యిలో ఎక్కువ వేడి గిన్నెకు తగులుతుంది. కట్టె అదే, అన్నం ఎక్కువ ఉడుకుతుంది. పాత పెట్రోలు ఇంజన్‌లో మంట వేడిలో పావు వంతు కూడా పనికి రావడం కష్టం. డీజిల్ ఇంజన్‌లో సుమారు మూడో వంతు పనికి వస్తుంది. మిగిలినదంతా రేడియేటరు వేడిగా, పొగగొట్టం వేడిగా గాలిలో కలుస్తుంది.

ఇంకొక తేడా కూడా ఉంది. పెట్రోలు ఇంజన్ మెల్లగా నడిచేటప్పుడు లోపలికి వెళ్లే గాలి దారిని సగం మూసేస్తారు. ఇంజన్ ముక్కు పట్టుకుని ఊపిరి పీల్చినట్టు నడుస్తుంది. ఆ పీల్చడానికే కొంత బలం ఖర్చు. డీజిల్ ఇంజన్‌లో గాలి దారి తెరిచే ఉంటుంది. డీజిల్ మాత్రమే తగ్గిస్తారు. అందుకే తక్కువ బరువుతో మెల్లగా పోయేటప్పుడు డీజిల్ బండి మరింత మిగులుస్తుంది. దీనికితోడు ఒక లీటరు డీజిల్ ఒక లీటరు పెట్రోలు కంటే బరువు. దానిలో వేడి కూడా నూటికి పది పాళ్లకు పైగా ఎక్కువ.

డీజిల్ ఇంజన్లు అన్నీ ఒకటి కావు. ట్రాక్టరు నుండి వచ్చిన ఇంజన్‌లో డీజిల్ నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది. దీన్ని డీఐ ఇంజన్ అంటారు. పూజో ఇంజన్‌లో డీజిల్ మొదట పక్కనున్న చిన్న గదిలోకి చిమ్ముతుంది. అక్కడ అంటుకుని, సన్నని దారి గుండా సిలిండరులోకి వస్తుంది. ఆ చిన్న గది గోడలు కొంత వేడిని మింగేస్తాయి. అందుకే నేరుగా చిమ్మే ఇంజన్ నూటికి 10 నుండి 15 పాళ్లు తక్కువ తాగుతుంది. చలికాలం పొద్దున సులువుగా స్టార్ట్ అవుతుంది కూడా. గది ఉన్న ఇంజన్‌కు ముందు హీటరు ప్లగ్గు వేడెక్కాలి. కానీ అది చప్పుడు తక్కువ చేస్తుంది, అదురు తక్కువ, వేగం బాగా అందుకుంటుంది. డీఐ జీపులో దూరం పోయివచ్చిన మనిషికి చెవులు కొంతసేపు గుయ్యిమంటాయి. డబ్బు మిగలాలా, ఒళ్లు నొప్పులు తగ్గాలా అన్నది కొనేవాళ్లు తేల్చుకోవాలి.

రెండు చిన్న కడ్డీలు

నాలుగు చక్రాల జీపులో గేరు కడ్డీ పక్కన ఇంకా చిన్న కడ్డీలు ఉంటాయి. కొన్ని బండ్లలో రెండు, కొన్నిటిలో ఒకటి. ఒకటి ముందు చక్రాలకు బలం కలుపుతుంది. ఇంకొకటి బండిని మెల్లగా, గట్టిగా లాగేలా చేస్తుంది. ఆ మెల్ల గేరులో చక్రం ఒకసారి తిరగడానికి ఇంజన్ మామూలుకంటే సుమారు రెండున్నర రెట్లు తిరుగుతుంది. వానాకాలంలో నల్లరేగడిలో దిగబడినప్పుడు ఇది ప్రాణం పోసే కడ్డీ. కానీ అదే కడ్డీతో రోజంతా తిరిగితే మైలేజీ సగానికి పడిపోవచ్చు.

తారురోడ్డు మీద ముందు చక్రాలకు బలం కలిపి నడపకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి, వెనుక చక్రాలు తక్కువ దూరం పోతాయి. పాత జీపులో ముందూ వెనుకా ఒకే లెక్కన తిరగాలి. దాంతో టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుంటాయి. డీజిల్ దండగ, టైర్లు దండగ, గేరు పెట్టెకు దెబ్బ. బురద దాటగానే కడ్డీ వెనక్కి తీశాడా లేదా అని డ్రైవరును అడగవచ్చు.

నిజానికి ఊళ్ల మధ్య మందిని తిప్పిన జీపుల్లో చాలావాటికి ముందు చక్రాల బలమే లేదు. తారురోడ్డు మీదే తిరిగే బండికి అది అక్కరలేదు కూడా. ఆ సామాను బరువు మోస్తూ, దాన్ని తిప్పుతూ బండి కొంచెం ఎక్కువే తాగుతుంది. చేనులోకి దిగే పని లేనివాళ్లు "ఫోర్ వీల్" అన్న మాటకు ఎక్కువ డబ్బు పెట్టడం తెలివైన బేరం కాదు.

మైలేజీ ఎట్లా కొలవాలి?

మాట మీద నమ్మకుండా కొలిచి చూడవచ్చు. చదవడం, రాయడం, భాగహారం వస్తే చాలు.

మొదట ట్యాంకు నిండా డీజిల్ పోయించాలి. మూతి దాకా ఎక్కడికి వచ్చిందో గుర్తు పెట్టుకోవాలి. బండి సమంగా ఉన్న నేల మీద నిలబడి ఉండాలి. పోసే ముందు పంపు అద్దం మీద సున్నా చూడాలి. తర్వాత బండి మీటరులో ఉన్న కిలోమీటర్ల అంకె నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఇక నాలుగైదు రోజులు మామూలుగా నడపాలి. మళ్లీ అదే పంపులో, అదే చోట బండి నిలిపి, అదే గుర్తు దాకా పోయించాలి. ఇప్పుడు పట్టిన లీటర్లే ఇన్ని రోజులు తాగిన లీటర్లు.

మొదటి అంకె 41,260. రెండో అంకె 41,584. తీసివేస్తే 324 కిలోమీటర్లు. పట్టిన డీజిల్ 27 లీటర్లు. 324ను 27తో భాగిస్తే 12. లీటరుకు 12 కిలోమీటర్లు.

పదో ఇరవయ్యో కిలోమీటర్లు తిప్పి లెక్క కడితే తప్పు వస్తుంది. ట్యాంకు మూతి దగ్గర అర లీటరు అటూ ఇటూ అయినా లెక్క మారిపోతుంది. 300 కిలోమీటర్లకు తగ్గకుండా నడపాలి.

పాత జీపులో మీటరు పనిచేయకపోవచ్చు. లేదా పెద్ద టైర్లు వేసినందువల్ల తప్పు చూపవచ్చు. దానికీ ఉపాయం ఉంది. బోధన్ నుండి నిజామాబాద్ పోయే రోడ్డు 63వ నంబరు జాతీయ రహదారి. పక్కన పసుపు రంగు తల ఉన్న కిలోమీటరు రాళ్లు ఉంటాయి. పది రాళ్లు దాటేసరికి మీటరులో 10 తిరగాలి. 9 మాత్రమే తిరిగితే మీటరు తక్కువ చూపుతోందని అర్థం. 11 తిరిగితే ఎక్కువ చూపుతోంది. ఎక్కువ చూపే మీటరు అమ్మేవాడికి చుట్టం!

పంపు మీద అనుమానం వస్తే 5 లీటర్ల కొలత పాత్రతో కొలిచి చూపమని అడగవచ్చు. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న ఆ పాత్ర ప్రతి పెట్రోలు బంకులో ఉండాలి. అడగడం కొనేవారి హక్కు.

రూపాయల్లో చూస్తే

ఇప్పుడు సంఘం ముందున్న రెండు జీపుల లెక్క చూద్దాం. సులువుగా ఉండటానికి డీజిల్ లీటరు 100 రూపాయలు, పెట్రోలు 110 రూపాయలు అనుకుందాం. జీపు నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతుంది. డీజిల్ జీపు లీటరుకు 12 కిలోమీటర్లు, పెట్రోలు జీపు ఏడున్నర కిలోమీటర్లు ఇచ్చాయి అనుకుందాం.

డీజిల్ జీపుకు 125 లీటర్లు, 12,500 రూపాయలు. పెట్రోలు జీపుకు 200 లీటర్లు, 22,000 రూపాయలు. నెలకు తేడా 9,500 రూపాయలు. పెట్రోలు జీపు 40,000 చవక అన్నాడు కదా. ఆ చవక నాలుగు నెలల పైన కొద్ది రోజుల్లోనే కరిగిపోతుంది. ఆ తర్వాత ప్రతి నెలా నష్టమే.

కానీ అదే జీపు నెలకు 150 కిలోమీటర్లే తిరిగితే? తేడా 950 రూపాయలు. 40,000 పూడటానికి మూడున్నర ఏళ్లు పడుతుంది. అప్పుడు పెట్రోలు జీపు కొన్నా తప్పు లేదు. డీజిల్ ఇంజన్‌లో పంపు, నాజిళ్లు చెడితే బాగుచేయించడానికి ఎక్కువ డబ్బు పోతుంది. ఎంత తిరుగుతాం అన్నది తేల్చుకోకుండా ఏ జీపు మంచిదో చెప్పలేరు.

ఒకప్పుడు ఈ లెక్క ఇంకా ఒకవైపుకే మొగ్గేది. 1990లలో లీటరు పెట్రోలు ధర డీజిల్ ధరకు రెట్టింపు దాకా ఉండేది. సర్కారు డీజిల్ ధరను తక్కువగా పట్టి ఉంచేది. 2014 అక్టోబరులో ఆ పట్టు వదిలేసింది. తర్వాత రెండు ధరలూ దగ్గరికి వచ్చాయి. కాబట్టి పాత రోజుల డ్రైవరు చెప్పే లెక్కను ఇప్పటి ధరలతో మళ్లీ వేసుకోవాలి.

మైలేజీ అంకెలో ఒక మాయ ఉంది. "రెండు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తది" అని అంటారు. ఆ రెండు కిలోమీటర్ల విలువ అన్నిచోట్లా ఒకటి కాదు. నెలకు అదే 1,500 కిలోమీటర్లు తీసుకోండి. లీటరుకు 5 కిలోమీటర్లు ఇచ్చే పాత జోంగా లాంటి బండికి 300 లీటర్లు కావాలి. దాన్ని 7కు పెంచితే సుమారు 214 లీటర్లు చాలు. మిగిలింది 86 లీటర్లు. 12 ఇచ్చే జీపుకు 125 లీటర్లు. దాన్ని 14కు పెంచితే 107 లీటర్లు. మిగిలింది 18 లీటర్లే. రెండుచోట్లా పెరిగింది రెండు కిలోమీటర్లే. అందుకే జోంగా కొన్నవాళ్లు ఇంజన్ మార్చడానికి అంత తొందరపడ్డారు. అందుకే 12 ఇచ్చే జీపున్న మనిషి 14 ఇచ్చే జీపు కోసం అప్పు చేయనక్కరలేదు. ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది అన్నదానికంటే, నెలకు ఎన్ని లీటర్లు తాగుతుంది అని అడిగితే మాయ విడిపోతుంది.

చెరుకు బండికీ ఇదే లెక్క. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ బోధన్ ప్రాంతపు చెరుకుకు దగ్గరి దిక్కు. 2015 డిసెంబరులో అది మూతపడింది. చెరుకు వేసినవాళ్లు దూరపు ఫ్యాక్టరీలకు తోలవలసి వచ్చింది. 10 టన్నుల బరువుతో ఒక బండి పోయిరావడానికి సగటున లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తుంది అనుకుందాం. ఫ్యాక్టరీ 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోను రాను 40 కిలోమీటర్లు, 10 లీటర్లు, 1,000 రూపాయలు. టన్నుకు 100 రూపాయలు. ఫ్యాక్టరీ 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే టన్నుకు 300 రూపాయలు. ఫ్యాక్టరీ దగ్గర వరుసలో నిలబడి ఇంజన్ ఆపకుండా ఉంచితే ఆ డీజిల్ వేరే.

కొనే ముందు కాగితం చదవాలి

పాత జీపుల్లో ఇంజన్లు మార్చడం మామూలు. పెట్రోలు తీసి డీజిల్ పెడతారు. ఇట్లా మార్చడానికి రవాణా శాఖ కార్యాలయం అనుమతి ఉండాలి. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. ఆర్‌సీలో ఇంధనం అన్నచోట ఏమి రాసి ఉందో చూడాలి. ఇంజన్ నంబరు చూడాలి. తర్వాత బానెట్టు ఎత్తించి, ఇంజన్ మీద కొట్టిన నంబరు చదవాలి. మట్టి ఉంటే గుడ్డతో తుడవాలి. రెండు నంబర్లూ ఒక్కొక్క అంకె చొప్పున సరిపోవాలి. సరిపోకపోతే ఆ బండికి ప్రమాదం జరిగిన రోజు బీమా డబ్బు చిక్కులో పడుతుంది. ఫిట్‌నెస్ కాగితం మీద తేదీ దాటిపోయిందేమో కూడా చూడాలి.

"గిన్ని చూస్తరా అక్కా? మగోళ్లు కూడ ఇన్ని అడగరు" అని అమ్మే మనిషి అనవచ్చు.

"పైసలు మావి కదా అన్నా" అని జవాబు చెప్పి, ఆర్‌సీ చేతిలోకి తీసుకోవచ్చు.

చివరగా ఇంజన్ స్టార్ట్ చేయించి పొగగొట్టం చూడాలి. వేడెక్కిన తర్వాత కూడా నల్లపొగ విడవకుండా వస్తే డీజిల్ పూర్తిగా కాలడం లేదు. నాజిల్ చెడి ఉండవచ్చు, గాలి జల్లెడ దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు. చెరుకు సీజనులో మట్టిరోడ్ల దుమ్ముకు గాలి జల్లెడ తొందరగా నిండుతుంది. అది కడిగించడానికి కొద్ది డబ్బులే అవుతాయి. నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిలు కాలుతోంది, ఆ మరమ్మతు పెద్దది. టైర్లలో గాలి తక్కువ ఉన్నా బండి ఎక్కువ తాగుతుంది.

ఇవి చేసి చూడండి

ఒక జీపు మీటరులో మొదట 28,115 ఉంది. తర్వాత 28,475 అయింది. 36 లీటర్ల డీజిల్ పట్టింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చింది?

లీటరు డీజిల్ 100 రూపాయలు. పై జీపు ఒక కిలోమీటరుకు ఎన్ని రూపాయల డీజిల్ తాగింది?

ఆ జీపులో ఎనిమిది మంది ఆడవాళ్లు 40 కిలోమీటర్లు పోయి, మళ్లీ వచ్చారు. డీజిల్ ఖర్చు సమంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎంత?

మీ ఊరి నుండి నిజామాబాద్‌కు ఎన్ని కిలోమీటర్లు? ఎన్ని కిలోమీటరు రాళ్లు కనిపిస్తాయి? ఈసారి వెళ్లినప్పుడు లెక్కపెట్టి రాయండి.